ముసలిదై పుట్టిన ముక్కు

సూరత్‌లో లాక్‌డౌన్ మొదలైన రోజు మా ఇంట్లో ముగ్గురం చెవుల్లో వేళ్ళు పెట్టి తిప్పుకున్నాం. చెవులు పోయాయనుకున్నాం. ఊరి అంచున ఉన్ అనే పేటలో మా గల్లీ వెనకే మరమగ్గాల షెడ్లు. తెలంగాణ నుంచి వలసొచ్చిన మావాళ్ళు వాటిని సాంచలు అంటారు. నేను పుట్టినప్పటి నుంచి ఆ టకటక పూర్తిగా ఆగింది లేదు. దీపావళి సెలవుల్లో కూడా ఏదో ఒక షెడ్డు మొండిగా కొట్టుకుంటూనే ఉండేది. ఆ మోత మీద మాట వినపడాలని మా గల్లీలో అందరూ అరిచే మాట్లాడతారు. ఆ రోజు మోత ఆగింది గానీ అరుపులు ఆగలేదు. అవ్వ, అంటే మా అమ్మ, బాపును "చాయ్ తాగుతవా?" అని అడిగితే, మూడిళ్ళ అవతల నుంచి ఎవరో "తాగుతా వదినే!" అన్నారు.

అదే వారం మా కాలేజీ ఫోన్లోకి మారింది. నాది మెకానికల్ డిప్లొమా, చివరి సెమిస్టర్. కంప్యూటర్ బ్రాంచిలో సీటు రాక మెకానికల్‌లో చేరాను. తీరా చేరాక ఇక్కడా చివరికి మిగిలేది కంప్యూటరే అని తెలిసింది. బోల్టు గానీ, పుల్లీ గానీ, గేరు గానీ, ఏది చేయాలన్నా ముందు తెర మీద త్రీడీ మోడల్ చేసి చూపించాలి. కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్లు వరసగా తాళం లోపల ఉన్నాయి. తాళం బయట నా దగ్గరున్నది ఐదంగుళాల ఫోను.

మా సార్ కోసాడ్‌లో తన ఇంట్లో కూర్చుని తన తెరను మాకు చూపించేవారు. నా ఫోన్లోకి వచ్చేసరికి ఆయన తెర అగ్గిపెట్టెంత అయ్యేది. అందులో ఆయన మౌస్ బాణం చీమంత. రెండు నెలలు నేను ఆ చీమ వెంట తిరిగాను. అది ఎటు పోతే అటు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. "పైన ఎడమ మూల, రెండో బొమ్మ. గీత. ఇంకో గీత. మొదటి చుక్కకు కలపాలి. ఎక్స్‌ట్రూడ్. ఇరవై." పొయ్యి లేని మనిషి వంటల పుస్తకం ఎత్తి రాసుకున్నట్టు నూట పది పేజీలు నింపాను. అక్షరాలు మాత్రం చాలా బాగా వచ్చాయి.

చేతికి ఏదో ఒకటి తగలాలి కదా. అవ్వ కలిపి పెట్టిన గోధుమపిండి ముద్ద దొరికింది. గీసిన ఆకారానికి మందం ఇస్తే ఎక్స్‌ట్రూడ్. ఇరుసు చుట్టూ తిప్పితే రివాల్వ్. పదునైన మూలను గుండ్రం చేస్తే ఫిలెట్. పీట మీద పిండితో పుల్లీ చేశాను, గాజు చేశాను, ఆరు పలకల నట్టు చేశాను. అవ్వ కాసేపు చూసింది.

"ఏందే గిది?"

"నట్టు, అవ్వా."

"పెనం మీద ఏస్తే నీ చదువు ఉబ్బుతదా?"

వేసింది. ఉబ్బింది. ఆ సెమిస్టర్ మొత్తంలో నేను చూసిన మొదటి ప్రాక్టికల్ ఫలితం అదే. దాన్ని పప్పుతో తిన్నాను.

షెడ్లు మళ్ళీ తెరిచిన రోజు బాపు పొద్దున వెళ్ళి మధ్యాహ్నం కాకముందే ఇంటికొచ్చాడు. వచ్చి గడప పక్కన కూర్చున్నాడు. అవ్వ చాయ్ ఇచ్చింది. బాపు గ్లాసు ఎత్తి తిన్నగా మాస్కుకు ఆనించాడు. మాస్కు చాయ్‌ను మర్యాదగా కొంచెం పీల్చుకుంది. బాపు గమనించలేదు. మా బాపు ముప్పై ఏళ్ళుగా సాంచలు నడుపుతున్నాడు, వాటి మధ్య దారం తెగితే చప్పుడును బట్టే చెప్పగలడు. అలాంటి మనిషికి మూతి మీద గుడ్డ ఉందని తెలియలేదంటే విషయం పెద్దదే.

"మూతికున్నది తియ్యి ముందు," అంది అవ్వ. "ఏమైంది?"

"శేఠ్ సగం సాంచలు భంగార్‌కు ఏస్తడట."

"ఏ సగం?"

"నడవని సగం."

షెడ్డు యజమాని శేఠ్ పెట్టిన నియమం చాలా సులువుగా ఉంది. షెడ్డులో ఒక్కో మనిషికి నాలుగు సాంచల లైను ఉంటుంది. సోమవారం పొద్దున శేఠ్ వచ్చి చూస్తాడు. నాలుగూ నడిచే లైను ఉంటుంది, దాని మనిషీ ఉంటాడు. నాలుగింట్లో ఒక్కటి ఆగి ఉన్నా ఆ లైను మొత్తం పాత ఇనుము కిందికి, మనిషి ఇంటికి. ఖాళీ అయిన చోట కొత్త రకం మెషీన్లు వస్తాయి. కొత్త మెషీన్ల మీదికి యాభై దాటినవాళ్ళను తీసుకోరు. బాపుకు యాభై రెండు.

"మనయి నాలుగు నడుస్తలేవా?"

"మూడు నడుస్తున్నయ్. మూడోది నడుస్తలేదు." ఇలాంటి వాక్యాలు చెప్పేటప్పుడు కూడా బాపు నవ్వడు. "పొద్దుగాల చాలు చేస్తే రెండు తిరుగుడులకే ముక్కు పలిగింది."

ముక్కు అంటే సాంచ అడుగున తిరిగే ఇరుసు మీద బోల్టుతో బిగించిన అరచేతిలో పట్టేంత ఇనుప ముక్క. కొంచెం పొడుచుకొచ్చి ఉంటుంది. ఇరుసు తిరిగినప్పుడల్లా అది ఒక కట్టెను తన్నుతుంది. కట్టె నాడెను తన్నుతుంది. తన్నులు తిన్న నాడె దారం పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెడుతుంది. బట్ట తయారవడం అంటే మొత్తం ఇదే. ముక్కు లేకపోతే తన్నేవాడు లేడు. నాడె కదలదు.

కొత్తది కొందామంటే విడి భాగాల దుకాణాలున్న వీధికి అడ్డంగా వెదురు బొంగులు కట్టేశారు, అటు పోనివ్వరు. షెడ్డులో ఆగిపోయిన వేరే సాంచల నుంచి విప్పుకుందామంటే, పొద్దున్నే వచ్చినవాళ్ళు వాటి ముక్కులన్నీ ముందే విప్పుకుపోయారు. మా బాపు పద్ధతైన మనిషి, ఇంట్లో చాయ్ తాగి వెళ్ళాడు. ఇక సాంచలు బాగుచేసే మాస్టర్ కాక లాక్‌డౌన్‌లో లారీ ఎక్కి కరీంనగర్ దిక్కున్న తన ఊరికి పోయాడు. రైళ్ళు మామూలుగా తిరిగేదాకా రాడు.

అవ్వ అంతా విని నా వైపు తిరిగింది.

"మూడేండ్ల సంది ఇనుము చదువుతున్నవ్ గదా. గా ముక్కొకటి చెయ్యరాదు?"

బాపు కూడా నా వైపు చూశాడు. నిజంగా నిర్ఘాంతపోయాను. మా ఇంట్లో నా చదువును ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు, అలాగని దానితో పని పడుతుందని కూడా అనుకోలేదు. గోడకు కొట్టిన మేకులాగా అది అక్కడ ఉండేది, దాని మీద ఎవరూ ఏమీ తగిలించలేదు. ఇప్పుడు బాపు లైను తగిలించారు. నాకు వచ్చింది పిండితో నట్టు చేయడం అని గుర్తు చేద్దామని నోరు తెరిచాను. నోటి నుంచి "చేస్త" అని వచ్చింది.

కంప్యూటర్ కోసం బాపు శేఠ్‌కు ఫోన్ చేశాడు. షెడ్డు ఆఫీసు గదిలో ఒకటుంది, దానిమీద పనిచేసే గుమస్తా ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నాడు.

"శేఠ్, మేరీ లడ్కీ కంప్యూటర్ పే బనాయేగీ."

"కంప్యూటర్ పే లోఖండ్ బన్‌తా హై క్యా?" అన్నాడు శేఠ్. కంప్యూటర్లో ఇనుము పుడుతుందా అని. న్యాయమైన ప్రశ్న. నాకూ అదే సందేహం. అయినా ఒప్పుకున్నాడు. తన ఫైళ్ళు ముట్టుకోవద్దన్నాడు, లేచేటప్పుడు స్విచ్ ఆపమన్నాడు.

ఆ కంప్యూటర్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంది. కీబోర్డు సందుల్లో అగరబత్తి బూడిద, మౌస్ మీద పూజలో పెట్టిన కుంకుమ బొట్టు. విద్యార్థులకు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేరును నా ఫోన్ నెట్ మీద దింపడానికి ఒకటిన్నర రోజు పట్టింది. దింపి, తెరిచి, జీవితంలో మొదటిసారి మోడలింగ్ కోసం మౌస్ పట్టుకున్నాను. కుంకుమ నా అరచేతికి అంటింది. మంచి శకునమే అనుకున్నాను.

నోట్‌బుక్ తెరిచాను. పైన ఎడమ మూల, రెండో బొమ్మ. నొక్కాను. ఫైలు మూసుకుపోయింది.

మళ్ళీ తెరిచి మళ్ళీ నొక్కాను. మళ్ళీ మూసుకుపోయింది. అప్పుడు తెలిసింది, సార్ దగ్గరున్నది పాత వెర్షన్, నేను దింపింది కొత్తది. బొమ్మలన్నీ చోటు మారాయి. నూట పది పేజీల్లో నేను నేర్చుకున్నది మోడలింగ్ కాదు, ఒక ఇంటి అడ్రసు. ఆ ఇంటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

పది నిమిషాలు కుర్చీలో అలాగే కూర్చున్నాను. అద్దం అవతల బాపు మిగతా మూడు సాంచలకు నూనె వేస్తూ, మధ్యమధ్య తలెత్తి నా వైపు చూస్తున్నాడు. నేను ఆలోచిస్తున్నానని అనుకున్నట్టున్నాడు, ప్రతిసారీ తల ఆడించి మళ్ళీ పనిలో పడ్డాడు. చివరికి నన్ను ఆదుకున్నది పిండి. బొమ్మలు ఎక్కడున్నాయో తెలియకపోయినా పనుల పేర్లు తెలుసు. ముందు గీయాలి, తరువాత మందం ఇవ్వాలి, తరువాత బోల్టు రంధ్రం పొడవాలి. ఒక్కో పేరు వెతుక్కుంటూ సాయంత్రానికి ఒక ఇటుక తయారు చేశాను. అది ఇటుక అని బాపు గుర్తుపట్టాడు. ఆ రోజుకు అంతే చాలు.

మరుసటి రోజు కొలతలు. పగిలిన ముక్కు రెండు చెక్కలుగా ఉంది. వాటిని కలిపి నా జడ రబ్బరు చుట్టాను. మొదటి సంవత్సరంలో కొన్న వెర్నియర్ కాలిపర్ బయటికి తీశాను. మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు కూడా చెప్పగల కొలబద్ద అది. నేను దాన్ని వాడిన ముఖ్యమైన సందర్భం ఇంతవరకు ఒక్కటే, స్నేహితురాలి కాటుక పెన్సిల్ లావు కొలవడం. గళ్ళ కాగితం మీద ముక్కును పెట్టి, అంచు పొడుగునా రెండేసి మిల్లీమీటర్లకు ఒక చుక్క పెట్టి కొలిచాను. బాపు ఫోన్ లైటు పట్టుకున్నాడు.

"బాపు, హిల్నా మత్, కదలకు. జర వెలుగు గిటు పెట్టు."

"గింత సన్నగ గూడ చూడాల్నా బిడ్డా?"

"చూడాలె బాపు. ఇంజనీరింగ్ అంటే గదే."

ఆ వాక్యం అన్న పిల్ల ఇప్పుడు ఎక్కడైనా కనపడితే ఒకటి వేయాలనిపిస్తుంది.

నలభై రెండు చుక్కలు వచ్చాయి. వాటిని తెర మీద పెట్టి ఒక వంపు గీతతో కలిపాను. ఒకవైపు గీత నున్నగా ఎక్కింది. రెండోవైపు సన్నగా సొట్టపడి, మళ్ళీ లేచి, కొంచెం వంకరగా దిగింది. నేను దాన్ని అచ్చం అలాగే దించాను. మందం ఇచ్చాను. రంధ్రం పొడిచాను. ఇనుము రంగు వేసి తిప్పితే, తెర మీద ముక్కు మెరుస్తూ గుండ్రంగా తిరిగింది. బాపు గుమ్మం దగ్గర నుంచే చూశాడు, తరువాత లోపలికి వచ్చాడు, తరువాత వేలితో తెరను ముట్టుకున్నాడు.

"గిది మనదేనా?"

"మనదే."

తెర మీద నూనె వేలిముద్ర పడింది. ఫోటో తీసి కాలేజీ ప్రాజెక్టు గ్రూపులో పెట్టాను. ఎలాగూ చివరి సెమిస్టర్‌కు ఒక ప్రాజెక్టు చూపించాలి, ఇదే నా ప్రాజెక్టు అన్నాను. సార్ బొటనవేలు గుర్తు పెట్టి, "వంపు చాలా సహజంగా వచ్చింది" అని రాశారు. సహజంగా అన్న దగ్గరే నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ మెచ్చుకోలును అవ్వకు రెండుసార్లు చదివి వినిపించాను.

దగ్గర్లో ఫ్యాక్టరీలుండే సచిన్ అనే పేటలో ఒక చిన్న వర్క్‌షాపు ఉంది. కంప్యూటర్ ఫైలు ఇస్తే దాని ప్రకారం ఇనుమును చెక్కే మెషీన్ వాళ్ళ దగ్గర ఉంది. బాపు సైకిల్ వెనక కూర్చుని పోయాను. వర్క్‌షాపు ఆయన నా పెన్‌డ్రైవ్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని, దాని మీద శానిటైజర్ కొట్టాడు. పెన్‌డ్రైవ్‌లో కూడా వైరస్ ఉంటుందన్నది నిజమే కాబట్టి నేనేమీ అనలేదు. ఆరాక దాన్ని కంప్యూటర్‌కు పెట్టి, మోడల్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"బేన్, యే ఏక్ తరఫ్ సే దబా హువా హై. ఐసా హీ చాహియే?"

ఒకవైపు నొక్కుకుపోయి ఉంది, ఇలాగే కావాలా అని. నా నలభై రెండు చుక్కల మీద చేయి వేస్తున్నాడనిపించింది.

"ఐసా హీ," అన్నాను. "బాల్ బరాబర్ భీ ఫరక్ నహీ ఆనా చాహియే." వెంట్రుకంత తేడా కూడా రావద్దని.

ఆయన భుజాలు ఎగరేశాడు. ఈ పనికి పనికొచ్చే గట్టి ఉక్కు తన దగ్గర ఒక్క ముక్కే మిగిలిందని, మళ్ళీ లారీ ఎప్పుడొస్తుందో తెలియదని చెప్పాడు. బాపు ఆ ఉక్కు ముక్కను చేత్తో ఎత్తి బరువు చూసి, తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. శనివారానికి ముక్కు చేతికొచ్చింది. వెండిలాగా ఉంది. దారి పొడుగునా సైకిల్ వెనక దాన్ని దుపట్టాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం పొద్దున షెడ్డు నుంచి మాస్టర్ కాకకు వీడియో కాల్ చేశాం. బిగించేటప్పుడు ఆయన చూస్తుంటే ధైర్యం అని. సిగ్నల్ కోసం కాక తన ఊర్లో మిద్దె ఎక్కాడు. ఫోన్లో ఆయన నుదురు, దాని పైన చాలా ఆకాశం కనిపించాయి. నేను కొత్త ముక్కును ఒక చేత్తో, రబ్బరు చుట్టిన పాతదాన్ని ఒక చేత్తో పట్టుకుని చూపించాను. ఫోన్లో నుదురు కదలకుండా నిలిచిపోయింది. నెట్ ఆగిందనుకున్నాను.

"కాకా, ఇనబడ్తుందా?"

"ఇనబడ్తున్నది. కనబడ్తున్నది గూడ. గదే బాధ."

"ఏమైంది?"

"పోరీ, గా పాతది ఎన్నేండ్ల సంది తిరుగుతున్నదో ఎరుకనా? ఇరవై ఏండ్లు. గన్నేండ్లు కట్టెను తన్ని తన్ని దాని మూతి ఒక దిక్కు అరిగింది. గా సొట్ట కంపెనీవోడు పెట్టింది గాదు. అరుగుడు. నువ్వు గా అరుగుడు గూడ కొలిచి కొత్తగ చేసినవ్!" కాక గొంతులో ఏడుపో నవ్వో తెలియని చప్పుడు వచ్చింది. "తమ్మీ, నీ బిడ్డ చేసింది కొత్త ముక్కు గాదు. ముసలిదై పుట్టిన ముక్కు."

నాకు మళ్ళీ లాక్‌డౌన్ మొదటి రోజులాగా చెవుల్లో ఏమీ వినపడలేదు. నలభై రెండు చుక్కలు. అందులో సగం చుక్కలు అరిగిన అంచు మీదివి. లోకంలో ఇనుము తనంతట తాను, ఊరికే, ఏ శ్రమా లేకుండా అరుగుతుంది. ఆ అరుగుదలను మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు తేడా రాకుండా, ఉన్న ఒక్క ఉక్కు ముక్కలో, డిజైన్ చేసి తయారు చేయించిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. అరిగిన వస్తువును చూసి మోడల్ చేసేటప్పుడు అది కొత్తగా ఎలా ఉండేదో చూడాలి గానీ ఇప్పుడెలా ఉందో కాదని సార్ చెప్పిన క్లాసు కూడా గుర్తొచ్చింది. నోట్‌బుక్‌లో అది అరవై నాలుగో పేజీ. కింద గీత కూడా గీసుకున్నాను.

బాపు దారం బీము మీద కూర్చున్నాడు. రేపు సోమవారం. ఇంకో ఉక్కు ముక్క లేదు. నేనేదో ఒక జోకు వేయాలి, అలాంటి సమయాల్లో మా ఇంట్లో ఆ పని నాదే. వెతికాను, రాలేదు. ఆ రోజుల్లో రుచి తెలియకపోతే టెస్టుకు పంపేవాళ్ళు. జోకు రాకపోతే ఎక్కడికి పంపాలో ఎవరికీ తెలియదు.

"తప్పైంది బాపు," అన్నాను.

బాపు నా చేతిలోంచి ముక్కు తీసుకుని సొట్ట మీద బొటనవేలు ఆడించాడు.

"గిది తప్పని మనకెరుక," అన్నాడు. "సాంచకెరుకనా?"

ఫోన్లో కాక నుదురు కదిలింది. "ఆగు తమ్మీ, ఏమన్నవ్?"

"ఏం అనలే. ఊకే."

"కాదు, ఆగు. మూడో సాంచ కట్టెకు తోలుపట్టా ఉంటది గదా, అది ఎన్నో రంధ్రంల ఉన్నది? చూడు."

బాపు వంగి లెక్కపెట్టాడు. "ఏడోది."

"కొత్త ముక్కుకు మూడోది ఉండాలె. ముక్కు అరిగినకొద్ది దెబ్బ తగ్గుతది. అందుకే నేనే ఐదారేండ్లకోపారి ఒక్కో రంధ్రం గుంజుకుంట వచ్చిన. ఇప్పుడు గక్కడ సరైన ముక్కు పెట్టినవనుకో, పట్టా గింత బిర్రుగుంటే దెబ్బ జోరైతది. నాడె ఎగిరొచ్చి నీ మూతి పగులుతది. పట్టా, కట్టె, నాడె ఆగే డబ్బా అన్నీ మల్ల సరిజెయ్యాలె. నేనేమో గీడ మిద్దె మీద ఉన్న."

"అయితే?"

"అయితే ఏంది! గీ ముసలిదే పెట్టు. సాంచ ముసలిది, పట్టా ముసలిది, నడిపెటోడు ముసలోడు. గీ ఇంట్ల పడుచుది దూరితేనే లొల్లి."

"నేను ముసలోన్నా?" అన్నాడు బాపు.

"పెట్టు తమ్మీ, రేపు శేఠ్‌నడుగు."

బాపు బోల్టు బిగించాడు. ముందు చేత్తో తిప్పి చూశాడు. నాడె ఎగిరే చివర్ల దగ్గర నిలబడొద్దని కాక నాకు గట్టిగా చెప్పాడు. నేను ఫోను పట్టుకుని ఆఫీసు గది తలుపు వెనక నిలబడ్డాను, ఒక్క కన్ను బయటపెట్టి. బాపు సాంచ మీద చేయి వేసి ఒక్క క్షణం ఆగాడు. పిడి తోశాడు.

నాడె పోయింది. వచ్చింది. పోయింది. టకటకా టకటకా. నేను లెక్కపెడుతున్నాను. పదిహేను దాకా వచ్చి లెక్క తప్పాను. అప్పుడు ఆ టకటక మధ్యలో ఒక్కసారి "ఠక్కుహ్" అని చిన్న ఎక్కిలి. మళ్ళీ మామూలు టకటక. కాసేపటికి మళ్ళీ ఎక్కిలి.

పోయిందనుకున్నాను. బాపు వైపు చూశాను. బాపు నోరు తెరుచుకుని ఉంది. మాస్కు గడ్డం కిందికి జారింది.

"గదే దగ్గు!" అన్నాడు. మోత మీద వినపడాలని అరిచాడు. "బిడ్డా, గదే దగ్గు! పాతదానికి గూడ గిదే ఉండె!"

ఏళ్ళ తరబడి మూడో సాంచ నడిచేటప్పుడు మధ్యమధ్య అలా దగ్గేదట. బాపుకు అది ఎంత అలవాటంటే నాకెప్పుడూ చెప్పలేదు. నేను అరుగుదలతో పాటు దగ్గును కూడా కొలిచి దించాను. నలభై రెండు చుక్కల్లో ఏ చుక్క దగ్గో నాకిప్పటికీ తెలియదు. పక్క లైను మనిషి బాపు అరుపులో "దగ్గు" ఒక్కటే పట్టుకుని, మాస్కు కళ్ళ దాకా లాక్కుని, నాలుగు సాంచల దూరం జరిగాడు.

"దగ్గుతున్నదా?" ఫోన్లో కాక.

"దగ్గుతున్నది!"

"దగ్గుతే బతికినట్టే," అని కాక మిద్దె దిగిపోయాడు. ఫోను ఆపడం మరిచిపోయాడు. కాసేపు ఆయన మెట్లు కనిపించాయి.

సోమవారం బాపు తలకు నూనె రాసుకుని, ఉతికిన అంగీ వేసుకుని వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. నేనెందుకని అవ్వ అడిగితే కంప్యూటర్ స్విచ్ ఆపానో లేదో చూడాలన్నాను. శేఠ్ ముఖానికి ప్లాస్టిక్ అద్దం కట్టుకుని వచ్చాడు. లైన్ల మధ్య నడుస్తూ, ఆగిన సాంచ కనపడ్డ చోట సుద్దముక్కతో గీత గీస్తూ వచ్చాడు. మా లైను ముందు ఆగి వేలు చూపించి గుజరాతీలో లెక్కపెట్టాడు. "ఏక్, బే, త్రణ్..." మూడో దాని దగ్గర వేలు ఆగింది. సాంచ దగ్గింది. "చార్," అని ముందుకు పోయాడు.

అంతే. వారం రోజులుగా మేము ముగ్గురం అన్నం సరిగ్గా తినని సంగతి నాలుగు అంకెల్లో అయిపోయింది. బాపు అప్పటికీ నిటారుగా నిలబడే ఉన్నాడు, ఇంకేమైనా అడుగుతాడేమోనని. శేఠ్ పది అడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"కంప్యూటర్ బంద్ కియా థా?"

"కియా థా," అన్నాను.

తలూపి వెళ్ళిపోయాడు. సుద్ద గీతలు పడ్డ లైన్ల ముందు నిలబడ్డవాళ్ళ వైపు నేను చూడలేకపోయాను. ముందు రోజు దూరం జరిగిన పక్క లైను మనిషి వాళ్ళలో ఉన్నాడు. ఆయన సాంచలకు ముక్కులు బాగానే ఉన్నాయి. రెండోదానికి మోటారు లేదు. మోటారు మోడల్ చేయడం నాకు రాదు. దాని మీద ఇప్పటికీ జోకు లేదు.

నెల తరువాత వైవా ఫోన్లోనే జరిగింది. బయటి కాలేజీ పరీక్షకుడు నా మోడల్‌ను తిప్పి చూసి, ఒకవైపు వంపు ఇలా ఎందుకుందని అడిగారు.

"అది అరుగుదల సార్."

"అరుగుదలను ఎందుకు మోడల్ చేశావమ్మా?"

"తప్పు సార్."

"మరి ఇది పనిచేస్తుందా?"

"చేస్తోంది సార్. ఇప్పుడు కూడా నడుస్తోంది. వినిపించమంటారా?"

ఫోను కిటికీ వైపు పెట్టాను. షెడ్ల మోత ఆయన చెవిలో పడింది. "మైక్ ఆపమ్మా" అన్నారు. ఆకారం తప్పు అని రాసి మార్కులు తగ్గించారు. ఆయన రాసిందాంట్లో తప్పేమీ లేదు.

రైళ్ళు మొదలయ్యాక మాస్టర్ కాక వచ్చాడు. సంచి ఇంట్లో పెట్టకుండానే షెడ్డుకు వచ్చి, మూడో సాంచ కిందికి దూరి, ముక్కును వేలితో తడిమి చూశాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చేతులు తుడుచుకుంటూ, "ముసలిదాని సేవ ఇగ చాలు. సరైనది చెయ్యి, నేను పట్టా సరిజేస్త" అన్నాడు. ఈసారి వెర్నియర్ తీసే ముందు ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, ఇందులో ఏది పుట్టుకతో వచ్చింది, ఏది తరువాత వచ్చింది అని. ఆయన వేలు పెట్టి చూపించిన చోట్ల మాత్రమే కొలిచాను. మిగతాది ఆయన నోటి మాటను బట్టి గీశాను. పదకొండు చుక్కలే వచ్చాయి.

కొత్త ముక్కు బిగించి పట్టా మూడో రంధ్రంలోకి మార్చాడు కాక. సాంచ నున్నగా, ఏకధాటిగా నడిచింది. ఒక్క ఎక్కిలి లేదు. కాక నా నెత్తి మీద ఒకటి మెత్తగా కొట్టాడు, అది మెచ్చుకోలు.

బాపు మాత్రం ఆ రోజంతా మొదటి సాంచ దగ్గరుంటే మూడోదాని వైపు, నాలుగోదాని దగ్గరుంటే మూడోదాని వైపు తల తిప్పుతూనే ఉన్నాడు. రెండో రోజు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళితే, దాని ముందు నిలబడి చెవి వంచి వింటున్నాడు.

"ఏమైంది బాపు? ఆగిందా?"

"ఆగలే."

"మరేంది?"

"దగ్గుతలేదు బిడ్డా," అన్నాడు, నిజంగానే భయపడ్డ మొహంతో. డబ్బా నా చేతిలోనే వదిలేసి, సాంచ చుట్టూ తిరిగి అటువైపు నుంచి చూడటానికి వెళ్ళాడు.